డెస్క్‌టాప్ సపోర్ట్‌కి మనిషిని తీసుకోవాలా? ఇంటర్వ్యూ ఇలా చెయ్యండి

డీహెచ్‌సీపీ అంటే ఏంటి అని అడిగితే తడుముకోకుండా చెప్పే కుర్రాళ్లు విశాఖలో బోలెడుమంది దొరుకుతారు. ద్వారకానగర్‌లో ఏ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కినా ముందు నేర్పేది అవే: ఫుల్ ఫారాలు, ఓఎస్ఐ ఏడు లేయర్లు, స్విచ్‌కీ రౌటర్‌కీ తేడా. అదే కుర్రాణ్ణి 169.254తో మొదలయ్యే ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టమ్ అడ్రస్) కనిపిస్తున్న సిస్టమ్ ముందు కూర్చోబెట్టి "నెట్ రావట్లేదు, కాస్త చూడండి" అంటే మాత్రం చెయ్యి నేరుగా రీస్టార్ట్ మీదకి పోతుంది. సిస్టమ్‌లకి ఐపీలు పంచిపెట్టే డీహెచ్‌సీపీ సర్వర్ పలకకపోతే విండోస్ తనంతట తనే ఆ అడ్రస్ పెట్టుకుంటుందని, అంటే వెతకాల్సింది కేబుల్, స్విచ్ పోర్టు, సర్వర్ దారిలోనే తప్ప బ్రౌజర్‌లో కాదని బట్టీ పట్టిన డెఫినిషన్ చెప్పదు మరి. అందుకే డెఫినిషన్లు అడగడం మానెయ్యండి. పాడైన సిస్టమ్ ఒకటి ముందు పెట్టి, వచ్చినవాళ్లు మొదట ఏం అడుగుతున్నారో, తర్వాత ఏం ముట్టుకుంటున్నారో చూడండి. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

ముందు మీకు కావాల్సిందెవరో తేల్చుకోండి

డెస్క్‌టాప్ సపోర్ట్ అన్న పేరు ఒకటేగానీ మన ఊళ్లో ఒక్కో మూల అది ఒక్కో ఉద్యోగం. రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో హెడ్‌సెట్ పెట్టుకుని రిమోట్‌లో టికెట్ (యూజర్ ఫిర్యాదు) మీద టికెట్ క్లోజ్ చెయ్యాలి, రాత్రి షిఫ్టులుంటాయి, కుర్చీలోంచి లేచే పని తక్కువ. పరవాడ ఫార్మా కంపెనీలకి వెళ్తే కథ వేరు, అక్కడ ల్యాబ్ పరికరానికి కలిపిన కంప్యూటర్‌లో క్వాలిటీ వాళ్ల అనుమతి కాగితం లేకుండా అప్‌డేట్ వెయ్యడం అటుంచి, టైమ్ మార్చినా ఆడిట్‌లో సంజాయిషీ చెప్పుకోవాలి. పోర్టు చుట్టుపక్కల షిప్పింగ్ ఆఫీసుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఇంకా గీపెడుతూనే ఉన్నాయి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పట్టకపోతే కస్టమ్స్ ఫైలింగ్ అక్కడితో ఆగుతుంది. ఇక ఆస్పత్రి అంటారా, బిల్లింగ్ కౌంటర్ సిస్టమ్ ఆగితే పది నిమిషాల్లో జనం మీద పడతారు.

కాబట్టి ఇంటర్‌నెట్‌లో "టాప్ 50 ప్రశ్నలు" వెతుక్కోకండి, అవి మీకంటే ముందు అభ్యర్థులే చదివేసి ఉంటారు. మీ ఆఫీసు టికెట్లో, లేకపోతే ఫిర్యాదుల రిజిస్టరో, అదీ లేకపోతే మీ సపోర్ట్ వాళ్ల వాట్సాప్ గ్రూపో తీసి గత మూడు నెలల్లో ఎక్కువసార్లు వచ్చిన గొడవలు ఓ ఆరేడు రాసుకోండి. అదే మీ ప్రశ్నపత్రం. ప్రింటర్లే ఎక్కువుంటే ప్రింటర్లే అడగండి, మీ దగ్గర లేని ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్ గురించి అడిగి ఎవరికి లాభం?

రెజ్యూమే చదవడం

మామూలుగా ఒక్కో రెజ్యూమేలో పదిహేను టెక్నాలజీల పేర్లుంటాయి, వాటిని చూసి మురిసిపోవద్దు, భయపడొద్దు. ఒక చిన్న చిట్కా ఏమిటంటే, ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈ సర్టిఫికేషన్లని మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31తో ఆపేసింది. 2023లో ఎంసీఎస్ఏ పాసయ్యానని రాశారంటే మైక్రోసాఫ్ట్ పరీక్ష రాశారని అర్థం కాదు, ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో పాత పేరుతో నడుస్తున్న కోర్సు పూర్తి చేసి ఉంటారు. అది అబద్ధమే అయి ఉండాలని లేదు, చాలామందికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. మెల్లగా అడిగితే వాళ్లే చెప్పేస్తారు, ఎలా చెప్పారన్నది గమనించండి.

అనుభవం రాసినచోట మాత్రం కొంచెం గుచ్చి గుచ్చి అడగాలి, ఎందుకంటే దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇప్పించే కన్సల్టెన్సీలు లేని ఊరు లేదు. "మీ రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్ చెప్పండి" అంటే కాపీ కొట్టిన పేరా అప్పజెబుతారు. దాని బదులు ఆ ఆఫీసులో సర్వర్ రూమ్ ఎటువైపు ఉండేది, తాళం ఎవరి దగ్గరుండేది, టోనర్ అయిపోతే ఎవరికి ఫోన్ చేసేవారు, రోజూ తెగ ఫోన్లు చేసి విసిగించే యూజర్ ఏ డిపార్ట్‌మెంట్ అని అడగండి. నిజంగా పని చేసినవాళ్లకి ఆ చివరి ప్రశ్నకి నవ్వొస్తుంది.

ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడకుండా ఎవర్నీ పిలవకండి. జీతం ఇంత, షిఫ్టులు ఇలా, గాజువాక యార్డుకి కూడా వెళ్లాల్సి వస్తుంది, బండి ఉండాలి, పెట్రోలు డబ్బులు ఇస్తాం లేదా ఇవ్వం, అన్నీ అప్పుడే చెప్పెయ్యాలి. ఇచ్ఛాపురం నుంచి తెల్లారకముందే బయల్దేరి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి వచ్చిన మనిషికి మధ్యాహ్నం మూడింటికి "మాది నైట్ షిఫ్టండీ" అని చెప్పడం పద్ధతి కాదు.

టేబుల్ మీద సిస్టమ్ పెట్టండి

పాత డెస్క్‌టాప్ ఒకటి, చిన్న స్విచ్, ప్రింటర్, రెండు మూడు ప్యాచ్ కార్డులు చాలు. వచ్చినవాళ్లందరికీ అవే తప్పులు పెట్టండి, ఒకరికి తేలిక, ఒకరికి కష్టం పెడితే తర్వాత పోల్చలేరు. మీరో, మీ అకౌంట్స్ నుంచి ఒకరో యూజర్‌గా నటించాలి. అకౌంట్స్ వాళ్లయితేనే మేలు, వాళ్లకి నటించాల్సిన అవసరం కూడా ఉండదు.

మొదటి తప్పు నెట్‌వర్క్‌లో. వెబ్‌సైట్ పేరుకి ఐపీ వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్ చేత్తో తప్పుగా కొట్టి వదిలెయ్యండి. గేట్‌వేకి (ఆఫీసు రౌటర్‌కి) పింగ్ పోతుంది, బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి పోతుంది, వెబ్‌సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోదు. ఇక్కడ కావాల్సింది వరస. ఈ ఒక్క సిస్టమ్‌కేనా, పక్కవాళ్లకీ రావట్లేదా? ఎప్పటినుంచి? నిన్న ఎవరైనా ఏమైనా మార్చారా? ఈ మూడూ అడిగి, ఆ తర్వాత కేబుల్ దగ్గర లైటు చూసి, నెట్‌వర్క్ సెట్టింగులన్నీ చూపించే ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కమాండ్ కొట్టి చదివారంటే, చివరికి డీఎన్ఎస్ పట్టుకోలేకపోయినా నా లెక్కలో పాసే. ఏమీ అడగకుండా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గడగడా పది కమాండ్లు కొట్టినవాళ్ల పని కుదిరినా, ఎందుకు కుదిరిందని ఒకసారి అడిగి చూడండి. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్న మాట వస్తే మాత్రం టీ ఇచ్చి పంపించెయ్యొచ్చు.

మేం ఇదే టెస్టు పెట్టినప్పుడు ఒకమ్మాయి కీబోర్డు ముట్టుకోకుండానే టేబుల్ కిందకి వంగింది. ప్యాచ్ కార్డు క్లిప్పు విరిగి ఉంది, అది మేం పెట్టిన తప్పు కాదు, ఎప్పటినుంచో అలాగే ఉందన్నమాట. సీపీయూని కొంచెం జరిపి చూపించింది, లైటు ఆరిపోయింది, వేలితో నొక్కింది, వెలిగింది. "ముందు ఇది మార్చి అప్పుడు మిగతాది చూద్దాం సార్, లేకపోతే ఏది సమస్యో తెలీదు" అంది. తర్వాత రీస్టార్ట్ చెయ్యబోతూ ఆగి, యూజర్‌గా కూర్చున్న మా అకౌంట్స్ ఆవిడ వైపు తిరిగి, "మేడమ్, ఎక్సెల్ తెరిచి ఉంది, సేవ్ చేసుకున్నారా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోసం మీరు ఎదురుచూడాలి. అది ఏ కోర్సులోనూ ఉండదు.

రెండో తప్పుకి సిస్టమ్ తేదీని ఏడాది వెనక్కి తిప్పండి, మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే జరిగేది అదే. బ్రౌజర్ ప్రతి సైటుకీ సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది. డొమైన్‌లో (లాగిన్లన్నీ ఆఫీసు సర్వర్ చూసుకునే ఏర్పాటులో) ఉన్న మెషీన్ అయితే లాగిన్ కూడా గొడవ పెడుతుంది, ఎందుకంటే ఆ లాగిన్‌ని సరిచూసే కెర్బెరోస్‌లో డీఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటారు. ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదు, కుడివైపు మూల గడియారం చూశారా లేదా అన్నదే చూడండి. చూసినవాళ్లకి అర నిమిషం, చూడనివాళ్లు బ్రౌజర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు.

ప్రింటర్‌కి పెద్దగా ఏమీ వద్దు. క్యూలో ఒక జాబ్ ఇరుక్కుని డిలీట్ కాకుండా ఉంటే ఏం చేస్తారని అడగండి, ప్రింట్ జాబ్‌లని వరసలో పెట్టే స్పూలర్ సర్వీస్ ఆపి, సిస్టమ్32 లోపల స్పూల్ ఫోల్డర్‌లో ఉన్న ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ సర్వీస్ స్టార్ట్ చేస్తామంటే సరిపోతుంది.

"ఆన్ అవుతోంది, డిస్‌ప్లే లేదు" అన్నది మాత్రం తప్పకుండా పెట్టండి, ముఖ్యంగా మీ ఆఫీసు బీచ్ రోడ్డు వైపో పోర్టు దగ్గరో ఉంటే. ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు, కనెక్టర్లు చిలుమెక్కడం ఇక్కడ మామూలే. మానిటర్‌కి కరెంటు ఉందా, ఇన్‌పుట్ సరిగ్గా ఉందా, గ్రాఫిక్స్ కార్డుండగా కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టారా అని చూసి, ఆ తర్వాతే మూత తియ్యాలి. మూత తీసేముందు పవర్ కేబుల్ పీకారా? ర్యామ్‌ని అంచులతో పట్టుకున్నారా, కాళ్ల మీద వేళ్లు పెట్టారా? చెయ్యి తిరిగిన మనిషో కాదో చూస్తేనే తెలిసిపోతుంది.

గూగుల్ వాడనివ్వండి. రేపు ఉద్యోగంలో చేసేదీ అదే కదా. ఎర్రర్ కోడ్ పూర్తిగా చదివి కొట్టారా, "నెట్ నాట్ వర్కింగ్" అని కొట్టారా, మొదట వచ్చిన సైటులో ఏదో రిపేర్ టూల్ డౌన్‌లోడ్ చెయ్యబోయారా, అన్నీ మీకు కనిపిస్తుంటాయి.

నోటితో అడగాల్సినవి

ఔట్‌లుక్‌లో మెయిల్స్ కనిపించట్లేదు, ఫైల్ తీసేసి కొత్త ప్రొఫైల్ చెయ్యనా అని అడగండి. ఓఎస్‌టీ అయితే సర్వర్‌లో ఉన్నదానికి కాపీ, మళ్లీ దిగుతుంది. పీఎస్‌టీ అయితే ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే కావచ్చు, తీసేస్తే పోయినట్టే. "ముందు అది ఏ ఫైలో చూడాలి" అన్నవాళ్లు ఎక్కడో ఒకచోట చెయ్యి కాల్చుకునో, కాల్చుకున్నవాళ్లని చూసో వచ్చినవాళ్లు.

ఒకాయన అకౌంట్ పాస్‌వర్డ్ మార్చిన దగ్గర్నుంచి గంటకోసారి లాక్ అవుతోంది, ఎందుకు? అన్‌లాక్ చేసి చేతులు దులుపుకునేవాళ్లు వేరు, ఫోన్‌లో మెయిల్‌కి పాత పాస్‌వర్డే ఉందేమో, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది మిగిలిందేమో, ఇంకో సిస్టమ్‌లో లాగౌట్ చెయ్యకుండా వదిలేశారేమో అని వెతికేవాళ్లు వేరు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి, పాత మెషీన్లని ఏం చేద్దామన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి ఆఫీసులోనూ ఉంది. విండోస్ 11 ఎక్కుతుందో లేదో తేల్చే టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్, ప్రాసెసర్ లిస్టు అన్న మూడు మాటలు వస్తే చాలు, ముందుకు పోండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇంకోటి ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి బెడిసికొట్టి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం స్క్రీన్‌తో నిలిచిపోయాయి. మెషీన్ బూటే కాకపోతే రిమోట్ ఏం చేస్తుంది, సపోర్ట్ వాళ్లు టేబుల్ టేబుల్‌కీ వెళ్లి సేఫ్ మోడ్‌లోకి పోయి ఆ ఫైలు తీసెయ్యాల్సి వచ్చింది, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట్ల ఒక్కో మెషీన్‌కీ 48 అంకెల రికవరీ కీ కొట్టుకుంటూ. ఇది చెప్పి, "మన దగ్గర పొద్దున్నే 40 సిస్టమ్‌లు అలా ఉన్నాయి, మీరొక్కరే ఉన్నారు, ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?" అనండి. "ఎండీగారి దగ్గరికి సార్" అన్నది సహజంగా వచ్చే జవాబు, కొంచెం ఆగండి. యార్డులో కాటా దగ్గర సిస్టమ్ ఆగితే లారీలు రోడ్డు మీద వరస కడతాయని ఆలోచించగలరా? కీలు ఎక్కడ దాచారని అడిగారా? ఆ కీలున్న సర్వర్ కూడా పడిపోయి ఉంటే?

దీనికి మన ఊరి అక్కచెల్లెలు ఉంది: తుఫాను ప్రశ్న. రేపు మధ్యాహ్నం తీరం దాటుతుందంటున్నారు, ఈ సాయంత్రం ఆఫీసులో ఏం చేసి ఇంటికెళ్తారు? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకి ఇది పుస్తకం ప్రశ్న కాదు. నేల మీదున్న సీపీయూలు పైకి పెట్టాలి, కిటికీ పక్కన ఉన్నవి జరిపి కప్పాలి, యూపీఎస్‌లు ఆపి ప్లగ్గులు పీకాలి, బ్యాకప్ డిస్కు అదే గదిలో ఉంటే ఉన్నా లేనట్టే, ఇంకోచోటికి పంపాలి. రోజుల తరబడి కరెంటు, సెల్ సిగ్నల్ రెండూ లేకపోతే ఎవర్ని ఎలా పట్టుకోవాలో ఒక కాగితం మీద రాసుకోవాలి, అవును, కాగితం మీదే. ఇందులో సగం చెప్పినా మంచి బుర్రే.

మనిషితో ఎలా మాట్లాడతారు

20వ తేదీ, జీఎస్‌టీ రిటర్న్ (జీఎస్‌టీఆర్-3బీ) వెయ్యాలి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పట్టట్లేదు, అకౌంట్స్ పెద్దాయన ఫోన్‌లో మండిపడుతున్నారు: "ఏటి బాబూ, పొద్దున్నుంచీ చెప్తన్నాను, ఒక్కడూ రాడేటి?" ఈ సీను పెట్టి, జవాబు మొదటి రెండు వాక్యాలు వినండి. "మీరు టికెట్ రెయిజ్ చేశారా?" అన్నది మొదటి వాక్యమైతే ఆ మనిషితో మీకు రోజూ పంచాయితీలే. "వస్తున్నానండీ, ఈలోగా టోకెన్ వేరే పోర్టులో పెట్టి లైటు వెలుగుతుందేమో చూస్తారా?" అన్నది చాలు, పెద్దాయన సగం చల్లబడతారు.

ఇంకోటి నిజాయితీకి. ఎండీగారి పీఏ ఫోన్ చేసి "సార్ పాస్‌వర్డ్ రీసెట్ చేసి నాకు చెప్పు, అర్జెంట్" అన్నారు, ఏం చేస్తారు? "చెప్పేస్తాను" అన్నా ప్రమాదమే, "కుదరదండీ" అని పెట్టేసినా ఉద్యోగం నడవదు. ఎండీగారికే తిరిగి ఫోన్ చేసి అడుగుతాననో, మా మేనేజర్‌కి చెప్పి చేస్తాననో మర్యాదగా చెప్పగలగాలి. మేనేజరే క్రాక్ సాఫ్ట్‌వేర్ వెయ్యమంటే? ఇక్కడ చాలామంది ఇబ్బందిగా నవ్వుతారు, నవ్వు తర్వాత ఏమన్నారన్నది రాసుకోండి.

వాళ్ల స్థాయికి మించినది ఒకటి కావాలనే అడగండి, డొమైన్‌తో ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్ అని వస్తే ఏం చేస్తారులాంటిది. "తెలీదు సార్, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే లోపలికెళ్లి చూస్తాను, లేకపోతే సీనియర్‌ని అడుగుతాను" అన్నవాళ్లకి మార్కులు వెయ్యండి. అడ్డదిడ్డంగా కల్పించి చెప్పేవాళ్లు రేపు మీ సర్వర్ మీద కూడా అలాగే కల్పిస్తారు.

టెక్నికల్ రౌండ్ మొత్తం తెలుగులో చేస్తే నష్టమేమీ లేదు. ఇంగ్లీషులో అడిగేసరికి టెన్షన్‌తో తెలిసిందీ మర్చిపోతున్నారు. మీ పనికి ఇంగ్లీషు కావాలంటే దాన్ని విడిగా చూడండి, ఇప్పుడు చేసిన రిపేర్ గురించి మూడు లైన్ల టికెట్ నోట్ రాయమనండి. గ్రామర్ తప్పులు పట్టించుకోకండి. తర్వాతి షిఫ్టు వాళ్లకి ఏం చూశారో, ఏం మార్చారో, ఇంకా ఏం మిగిలిందో అర్థమవ్వాలి. "ఇష్యూ రిసాల్వ్డ్" అని మాత్రమే రాసి పెన్ను పక్కన పెడితే అది నోట్ కాదు.

అడగకూడనివి కూడా ఉన్నాయి. కులం, పెళ్లెప్పుడు, పెళ్లయ్యాక మానేస్తావా, మీ నాన్నగారేం చేస్తారు, వీటితో ప్రింటర్ బాగుపడదు. యూపీఎస్ మొయ్యాల్సి వస్తుందంటే అందరికీ చెప్పండి, ఆడపిల్ల వచ్చినప్పుడు మాత్రమే చెప్పొద్దు. నైట్ షిఫ్ట్ ఉంటే ఇంటికి క్యాబ్ ఉందో లేదో వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. డిపాజిట్ కట్టమనడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకోవడం చెయ్యొద్దు, చూసి జెరాక్స్ తీసుకుని అప్పటికప్పుడే ఇచ్చెయ్యండి.

అయిపోయాక

ఒక్కొక్కరు బయటికెళ్లగానే ఇంటర్వ్యూ చేసినవాళ్లంతా విడివిడిగా రాసుకోండి, ఆ తర్వాతే మాట్లాడుకోండి. సాయంత్రం దాకా ఆగితే చివర వచ్చినవాళ్లే గుర్తుంటారు. యూజర్‌గా కూర్చున్న అకౌంట్స్ ఆవిణ్ణి ఒకే మాట అడగండి, మీ సిస్టమ్ పాడైతే వీళ్లలో ఎవర్ని పిలుస్తారని. మీ టెక్నికల్ మార్కులకీ ఆవిడ జవాబుకీ పొంతన లేకపోతే, మార్కుల కాగితం మళ్లీ ఒకసారి తియ్యండి.

ఎంపిక కానివాళ్లకి ఆ వారంలోనే ఫోన్ చేసి చెప్పండి, వేరే ఆఫర్ చేతిలో పెట్టుకుని మీ కోసం చూస్తూ ఉండొచ్చు. వీలైతే ఎక్కడ తడబడ్డారో ఒక ముక్క చెప్పండి, "నెట్‌వర్కింగ్ ఇంకొంచెం ప్రాక్టీస్ చెయ్యండి" అని కాదు, "గడియారం చూడలేదు" అని. రెండో స్థానంలో ఉన్న మనిషికి మాత్రం ఇంకా కాదని చెప్పెయ్యకండి, ఇంకో వారం టైమ్ అడగండి. నోటీస్ పీరియడ్‌లో ఉండగా పాత కంపెనీ జీతం పెంచితే మీరు ఎంచుకున్నవాళ్లు చేరే రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసుకోవడం ఈ ఫీల్డులో కొత్తేమీ కాదు.